ఈక వెనక లెక్క

కాకి, డేగ, నెమలి, సేతు, పర్ల, కౌజు, మైల, పూల, పింగళ, ముంగిస, గేరువా. గోదావరి జిల్లాల్లో కోడిపుంజుల రంగులు చెప్పమంటే జాబితా ఇక్కడితో ఆగదు, వినేవాళ్లు ఇంకో నాలుగు కలుపుతారు. మెడ మీది నలుపుకో పేరు, రెక్క మీది పసుపుకో పేరు, ఒకే ఈకలో మూడు రంగులుంటే దానికీ ఒక పేరు. ఏ రంగు పుంజు ఏ రోజున ఏ జామున గెలుస్తుందో చెప్పడానికి కుక్కుట శాస్త్రం ఉండనే ఉంది. ఇంత పరిజ్ఞానమూ ఒక చిన్న ప్రశ్న దగ్గర తడబడుతుంది. డేగ పుంజును డేగ పెట్టతో కలిపితే పుట్టేవన్నీ డేగలేనా? పూచీ పడి చెప్పేవాళ్లు అరుదు. పశువైద్య పాఠ్యపుస్తకాల్లోనూ అసీల్ జాతి కింద పీలా, యాకూబ్, నూరీ, కాగర్, చిట్టా, సబ్జా అంటూ రంగుల పట్టిక ఉంటుంది. అదీ పైకి కనిపించే తీరును చెప్పే పట్టికే తప్ప ఏ రంగుకు ఏ రంగు పుడుతుందో చెప్పేది కాదు. పుంజు ఒక్కదాన్నే ఎదురుగా నిలబెట్టి చూసే కంటికి అంతకంటే అవసరం లేకపోయింది మరి. రంగు రకం అనిపించుకోవాలంటే మాత్రం ఆ ఈకను పుట్టించే జన్యువు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ప్రతి పిల్లకూ చేరాలి. అది ఒక్క పక్షి ఘనత కాదు, ఒక మంద చరిత్ర.

తెలుగు నాటుకోడిలో ఒక కొత్త ఈక రంగును పుట్టించి, తరతరాలకూ మారకుండా స్థిరపరచడం చేయదగ్గ పని అన్నదే ఈ వ్యాసం వాదన. ముచ్చట కోసం కాదు. సంకర కోడినీ, పెరట్లో నాలుగు నెలలు తిరిగిన ఫారం కోడినీ కూడా నాటుకోడి పేరుతో అమ్మగలిగే బజారులో, కొనేవాడు కంటితో చూసి పోల్చుకోదగ్గ గుర్తు ఒకటి కావాలి. ఆ పనికి అన్ని రంగులూ పనికిరావు. బయటి పుంజు ఒక్కసారి కలిసినా పిల్లల్లో మాయమైపోయే రంగు కావాలి. పదో తరగతి జీవశాస్త్రంలో అంతర్గత లక్షణం అని చదువుకున్నామే, అలాంటిది. కంటికి ఇంపైన రంగునో, గట్టిగా నిలిచే రంగునో వెతకడం మామూలుగా అందరూ చేసే పని. ఇక్కడ వెతకాల్సింది బెదురుబోతు రంగును.

ముందుగా వచ్చే అభ్యంతరం తెలిసిందే: కోడి అంటే గుడ్లు, మాంసం, ఈక రంగుతో పనేముంది? పీకి పారేసేదే కదా! నిజానికి పీకి పారేసేది కాబట్టే రంగు పెద్ద విషయమైంది. 1948లో అమెరికాలో ‘చికెన్ ఆఫ్ టుమారో’ అని దేశవ్యాప్తంగా పోటీ జరిగింది. గెలిచినవి కాలిఫోర్నియాకు చెందిన వాంట్రెస్ వాళ్ల కోళ్లు. ఎర్ర కార్నిష్‌నూ న్యూ హాంప్‌షైర్‌నూ కలిపి తీసిన రంగు ఈకల కోళ్లవి. గెలిచింది రంగు కోడి అయినా పరిశ్రమ చివరకు తెల్లకోడినే ఎంచుకుంది. కారణం రుచీ కాదు, ఎదుగుదలా కాదు. రంగు కోడిని శుభ్రం చేశాక చర్మంలో మిగిలిపోయే ఈక మొలకలు నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి, తెల్లకోడిలో కనపడవు. దుకాణంలో అద్దాల వెనక పెట్టిన మాంసం తెల్లగా మెరవడం కోసం ప్రపంచంలోని బ్రాయిలర్లు దాదాపుగా అన్నీ తెల్లబడ్డాయి. ఆ కార్నిష్ కోడిని పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో తయారు చేశారు. అందుకు వాడినవాటిలో మన అసీల్ ఉంది. అందుకే అక్కడివాళ్లు దాన్ని ‘ఇండియన్ గేమ్’ అనే పిలుస్తారు. ఇవాళ మన ఊరి చికెన్ కొట్టులో వేలాడే తెల్లకోడి ఛాతీలో అసీల్ వాటా కొంత ఉంది, రంగు మాత్రం లేదు. రంగు పనికిమాలినదే అయితే అంత పెద్ద పరిశ్రమ దాన్ని అంత శ్రద్ధగా తుడిచిపెట్టేది కాదు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఇదే కథ తిరగబడింది. కోళ్ల పరిశోధన కోసం 1988లో అక్కడ మొదలైన కేంద్ర సంస్థ పల్లె పెరళ్ల కోసం వనరాజా, గ్రామప్రియ కోళ్లను తయారు చేసినప్పుడు వనరాజాకు కావాలనే రంగురంగుల ఈకలు వచ్చేలా చూసింది. పల్లెల్లో తెల్లకోడిని ఫారం కోడి అంటారు, దానికి నాటుకోడి ధర పలకదు. పైగా ఆరుబయట తిరిగే తెల్లకోడి గద్దకు దూరం నుంచే కనపడుతుంది, మట్టిలో ఆకుల్లో కలిసిపోయే రంగుంటే కొంత కాపు. బెంగళూరులో తయారైన గిరిరాజా, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల తెచ్చిన రాజశ్రీ కూడా రంగు కోళ్లే. ఇవన్నీ పల్లెకు మేలు చేశాయి, సందేహం లేదు. కానీ వనరాజా, గ్రామప్రియ లాంటివి వేర్వేరు వంశాలను కలిపి తీసిన సంకరాలు. వాటి పిల్లల్లో ఆ పనితనం తగ్గిపోతుంది, రంగులు చెల్లాచెదురవుతాయి. రైతు మళ్లీ పిల్లల కోసం హేచరీకే వెళ్లాలి. ఊళ్లో వాటి పుంజులు స్థానిక పెట్టలతో కలిసినకొద్దీ ఏది నాటు, ఏది సంకరం అని ఈకలు చూసి చెప్పడం కష్టమవుతూ వస్తుంది. రంగు కోడి రావడంతో నాటుకోడికి ఉన్న కంటి గుర్తు కాస్తా పోయింది.

రంగుకు ఇంకో ఉపయోగం హేచరీల వాళ్లకు బాగా తెలుసు. కోళ్లలో బంగారు, వెండి రంగుల జన్యువు జడ్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. పుంజుకు జడ్‌లు రెండు, పెట్టకు ఒక్కటే. బంగారు పుంజును వెండి పెట్టతో కలిపితే మగపిల్లలు లేత పసుపుగా, ఆడపిల్లలు గోధుమ రంగుతో పుడతాయి, తొలిరోజునే వేరు చేయొచ్చు. గోధుమ గుడ్లు పెట్టే వాణిజ్య రకాలు చాలావరకు ఈ ఉపాయం మీదే నడుస్తాయి. 1920ల చివర్లో కేంబ్రిడ్జ్‌లో శాస్త్రవేత్తలు పున్నెట్, పీజ్ ఇంకో అడుగు వేసి, సంకరం అక్కర్లేకుండా తన జాతిలోనే ఆడామగా రంగుతో తెలిసిపోయే ‘కాంబార్’ అనే కోడిని తయారు చేశారు. ప్రవర్తనకూ రంగుకూ సంబంధముందని తేలింది మాత్రం చాలా తర్వాతే. అడవికోడినీ వైట్ లెగ్‌హార్న్‌నూ కలిపిన సంతతిని పరిశీలించి 2004లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన స్వీడన్ పరిశోధన ప్రకారం, తెల్ల ఈకలకు కారణమైన జన్యువు అడవి రూపంలో ఉన్న రంగు కోళ్లను తోటి కోళ్లు ఎక్కువగా పొడిచి ఈకలు పీకాయి. మందలో అలాంటివి ఎక్కువగా ఉన్నప్పుడు ఆ ముప్పు ఇంకా పెరిగింది. కాబట్టి రంగును ఎంచుకోవడమంటే కోడి బతుకులో ఎంతో కొంత వేలు పెట్టడమే.

ఇక అసలు విషయం. అన్ని రంగులూ స్థిరపడవు. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ స్పెయిన్ దక్షిణ ప్రాంతం పేరుతో పిలిచే ఆండలూషియన్ కోడి. దాని నీలి బూడిద రంగు చూసి మోజుపడ్డ పెంపకందారులు పంతొమ్మిదో శతాబ్దంలో దాన్ని శుద్ధి చేయడానికి తంటాలు పడ్డారు. నీలి పుంజును నీలి పెట్టతో కలిపినప్పుడల్లా సుమారు సగం నీలి పిల్లలు, పావు వంతు నల్లవి, పావు వంతు మాసిన తెలుపు మీద మచ్చలున్నవి పుట్టేవి. పనికిరానివని నల్లవాటినీ మచ్చలవాటినీ తీసేసి ఎన్ని తరాలు ఏరినా లెక్క మారలేదు. మెండెల్ సిద్ధాంతం 1900లో మళ్లీ వెలుగులోకి వచ్చాక బేట్‌సన్, పున్నెట్ దీని గుట్టు విప్పారు. నీలం అంటే ఒకే జన్యువు తాలూకు ఒక నలుపు ప్రతీ, ఒక మచ్చల ప్రతీ కలిసి ఉన్న స్థితి, అంతే. రెండు వేర్వేరు ప్రతులుంటేనే కనిపించే రంగు శుద్ధం కావడం కుదరదు. విచిత్రమేమిటంటే, తరాల తరబడి పనికిరావని తీసేసిన ఆ నల్లపుంజునూ మచ్చల పెట్టనూ కలిపితే పిల్లలు నూటికి నూరూ నీలమే. అందంగా ఉందని ఒక రంగును పట్టుకుని దాని వెంట పడితే, జన్యువు ఒప్పుకోకపోయినా మనిషి జీవితకాలం ఖర్చు పెట్టగలడని ఆండలూషియన్ చెబుతుంది. కొత్త రంగు తలపెట్టినవాళ్లు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న అందుకే అందం గురించి కాదు, అది శుద్ధం కాగల రంగా కాదా అన్నది.

శుద్ధం కాగల రంగుల్లో మళ్లీ రెండు తీరులు. బహిర్గతమైన రంగు ఒక్క ప్రతి ఉన్నా పైకి తేలుతుంది. గుర్తింపు కోసం చూస్తే ఇది ద్రోహి. వైట్ లెగ్‌హార్న్ తెలుపు ఇలాంటిదే. ఆ తెల్లటి ఈకల కింద నలుపో మరొకటో ఏ రంగైనా దాగి ఉండొచ్చు, సంకరంలో సగం రక్తం పరాయిదైనా పిల్లలు దాదాపు తెల్లగానే, అక్కడక్కడ ముదురు చుక్కలతో పుడతాయి. ఈకల రంగు కాకపోయినా కడక్‌నాథ్ సంగతి ఇంకా పాఠం నేర్పేది. మధ్యప్రదేశ్ ఝాబువా ప్రాంతపు ఈ కోడికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, చర్మం నుంచి ఎముక పొర దాకా ఉన్న నలుపు వల్ల పేరొచ్చింది, దాని వెంట ధరా వచ్చింది. ఆ నలుపు బహిర్గత లక్షణం. చర్మంలో నలుపును అణిచే ఇంకో జన్యువు ఎదురుపడకపోతే సంకర పిల్లల్లోనూ నలుపే కనిపిస్తుంది. సగం కడక్‌నాథ్‌ను మొత్తం కడక్‌నాథ్‌గా అమ్మడానికి ప్రకృతే దారి తెరిచి పెట్టినట్టు! గుర్తింపు ఇచ్చింది ఊరికి, కొనేవాడు చూసేది నలుపును. ఆ రెంటినీ కలిపి ఉంచే బలం ఆ నలుపుకు లేదు.

అంతర్గతమైన రంగు తీరు వేరు. రెండు ప్రతులూ ఉంటేనే కనిపిస్తుంది, కనిపించిందంటే శుద్ధమైపోయినట్టే. లావెండర్ అని పిలిచే లేత బూడిద నీలం దీనికి మంచి ఉదాహరణ. చూపుకు ఆండలూషియన్ నీలానికి దగ్గరే గానీ పుట్టుక వేరు. రంగు రేణువులను ఈకలోకి చేరవేసే యంత్రాంగంలోని ఒక జన్యువులో చిన్న మార్పు వల్ల అది వస్తుందని 2008లో తేలింది. లావెండర్‌ను లావెండర్‌తో కలిపితే పిల్లలన్నీ లావెండరే. నల్లకోడితో కలిపితే పిల్లలన్నీ నలుపే. ఇంగ్లండ్‌లో క్లైవ్ కేర్‌ఫుట్ 1990ల్లో వివరించిన చాక్లెట్ రంగూ అంతర్గతమే, కాకపోతే అది జడ్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. పెట్టకు ఒక్క ప్రతి చాలు, పుంజుకే రెండూ కావాలి. కాబట్టి కాపలా పనికి చాక్లెట్ కంటే లావెండర్ లాంటిదే నయం. ఊళ్లో లావెండర్ నాటుకోళ్లు ఉన్నాయనుకుందాం. కంచె దాటి వనరాజా పుంజు వచ్చి కలిసింది. పుట్టిన పిల్లల్లో ఒక్కటీ లావెండర్ కాదు. యజమానికి ఈకలు మొలిచిన కొద్ది వారాల్లోనే సంగతి తెలిసిపోతుంది, వాటిని మంద నుంచి తీసేయొచ్చు. కొనేవాడికీ అంతే: ఆ రంగు కనిపిస్తోందంటే తల్లీ తండ్రీ ఇద్దరి వైపు నుంచీ ఆ జన్యువు వచ్చింది. ఇందులో ఒక లొసుగు ఉంది, దాచనక్కర్లేదు. సంకర పిల్లను మళ్లీ లావెండర్‌తో కలిపితే పిల్లల్లో సగం లావెండర్‌గానే పుడతాయి, వాటిలో పరాయి రక్తం పావు వంతు ఉంటుంది. పట్టుదలగా మోసం చేసేవాణ్ని రంగు ఆపలేదు, ఏమరుపాటును మాత్రం ఆపుతుంది. పెరటి కోళ్లలో కల్తీ ఎక్కువగా జరిగేది ఏమరుపాటు వల్లే.

మరి అలాంటి రంగు ఎక్కడ దొరుకుతుంది? అందాల కోళ్లను పెంచేవాళ్ల దగ్గర లావెండర్ కోడిని కొని నాటుకోడిలోకి ఎక్కించడం ఒక దారి. తొలి సంకరంలో పరాయి రక్తం సగం. నాటుకోడితో తిరిగి తిరిగి కలుపుతూ పోతే ఐదు విడతల తర్వాత అది వందకు ఒకటిన్నర పాళ్లకు దిగుతుంది. చెప్పడానికి తేలిక, కానీ ప్రతి విడతలోనూ పైకి కనిపించని జన్యువును మోస్తున్నవి ఏవో పట్టుకోవాలి, అందుకు పరీక్ష జతలు కట్టాలి, ఏళ్లు పడతాయి. ఇంకో దారి మన మందల్లోనే వెతకడం. ఒక దాగిన జన్యువు మందలోని ప్రతుల్లో నూటికి ఒకటి చొప్పున ఉందనుకుంటే, ఆ రంగు పైకి కనిపించేది పదివేల కోళ్లలో ఒక్కదానికే. దాన్ని లోపల మోసేవి మాత్రం యాభైకి ఒకటి ఉంటాయి. అంటే ఊళ్లో ఎవరూ ఎన్నడూ చూడని రంగు, ఊరి కోళ్లలో కొన్నిటి ఒంట్లో ఉండొచ్చు. ఒకే పుంజు సంతానం తమలో తాము కలిసినప్పుడు ఎప్పుడో ఓ వింత రంగు పిల్ల పుడుతుంది. ఇప్పుడైతే దాన్ని నాలుగు రోజులు వింతగా చూసి, పండక్కి కూర చేసేస్తారు. కొత్త రంగు వేటలో అసలు పెట్టుబడి ఆ పిల్లే, దాని తల్లిదండ్రులు ఇంకా విలువైనవి. ఈ రెండో దారి నెమ్మదిదే, ఫలితానికి హామీ లేనిదే. అయినా నాకు అదే మేలనిపిస్తుంది. నాటుకోడికి గుర్తు పెట్టడం కోసం నాటుకోడిలో పరాయిదాన్ని కలపడం చూడ్డానికే బాగోలేదు.

ఎలా దొరికినా తర్వాతి లెక్క ఒకటే. దొరికింది ఒక్క లావెండర్ పుంజనుకుందాం. నల్ల నాటు పెట్టలతో కలిపితే తొలి ఏడాది పిల్లలన్నీ నలుపు, చూసేవాళ్లు నవ్వుతారు. రెండో ఏడాది ఆ నల్ల పిల్లల్ని వాటిలో అవి కలిపితే నాలుగింట ఒకటి లావెండర్. అందులో సగమే పెట్టలు. ఇరవై లావెండర్ పెట్టలు కావాలంటే 160 పిల్లలు బతకాలి. కావాలనుకున్న రంగుకు ఒకటి కాక రెండు దాగిన జన్యువులు అవసరమైతే ఇరవై పెట్టలకు 640 పిల్లలు. ఏడాదికి వంద గుడ్లు కూడా పెట్టని, ఊరికే పొదుగుకు కూర్చునే అసీల్ పెట్టలతో ఇది ఎంత పనో పెంచేవాళ్లకు చెప్పనక్కర్లేదు. అందుకే ఒక్క జన్యువుతో తేలే రంగునే ఎంచుకోవాలి. ఇంకో సంగతి: కోడిపెట్ట ఒకసారి కలిసిన పుంజు వీర్యాన్ని రెండు మూడు వారాలు లోపల దాచుకోగలదు. పాత పుంజును తీసేసిన మర్నాటి గుడ్లను కొత్త పుంజు ఖాతాలో రాస్తే పుస్తకమంతా అబద్ధమవుతుంది. నల్లగా ఉన్న ఒక పెట్ట లోపల లావెండర్ ఉందో లేదో తెలుసుకోవాలంటే లావెండర్ పుంజుతో కలపాలి. వరసగా పది పిల్లలు నల్లగానే పుడితే, ఇంకా లోపల దాగి ఉందేమో అన్న అనుమానం వెయ్యింట ఒక వంతు కంటే తగ్గిపోతుంది. కాలికి రింగు, గుడ్డు మీద పెన్సిల్‌తో తల్లి నంబరు, తేదీ; సామగ్రి ఇంతే.

ఇప్పుడు గట్టి అభ్యంతరం. ఒక్క పుంజుతో మొదలుపెట్టి రంగు కోసం దగ్గరి బంధువులనే కలుపుతూ పోతే జాతి చిక్కిపోదా? చిక్కిపోతుంది, అందులో వాదనే లేదు. పది పెట్టలకు ఒక పుంజు అన్న పెరటి పద్ధతిలో మందలో పదకొండు కోళ్లున్నా, వంశవృద్ధి లెక్కలో అవి నాలుగు కోళ్లకు కూడా సమానం కావు, ఎందుకంటే ప్రతి పిల్లలో సగం ఆ ఒక్క పుంజే. అలాంటి మందలో ఒక్కో తరానికి అంతఃప్రజననం సుమారు 14 శాతం పెరుగుతుంది. అదే ఐదు పుంజులు, యాభై పెట్టలతో నడిపితే మూడు శాతంలోపే ఉంటుంది. గుడ్లు పొదగకపోవడం, పిల్లలు నీరసంగా పుట్టడం, రోగాలకు లొంగిపోవడం ఈ శాతాల వెంట నడిచి వస్తాయి. కాబట్టి ఈ పని ఒక ఇంటి పెరట్లో అయ్యేది కాదు. మూడు నాలుగు ఊళ్లు కలిసి, ఒక్కో ఊరి మందను ఒక కుటుంబంగా పెట్టుకుని, పెట్టలను కదపకుండా పుంజులను మాత్రం ఏటా పక్క ఊరికి పంపుతూ పోతే అన్నాచెల్లెళ్లు కలిసే అవకాశం బాగా తగ్గుతుంది. రంగు నిలిచాక కూడా మధ్యమధ్య మంచి నల్ల నాటుపెట్టలను తెచ్చి కలపాలి, ఒక తరం రంగు దాగినా మళ్లీ తేలుతుంది కాబట్టి భయం లేదు. అంతర్గత రంగుకు ఇదో లాభం: జాతికి బయటి నెత్తురు ఎక్కించినా గుర్తు చెరిగిపోదు, కొన్నాళ్లు దాక్కుంటుందంతే.

దీనికే ఇంకో ముఖం: అసలు రంగురంగుల మందే నాటుకోడి బలం కదా, ఒకే రంగులోకి ఎందుకు కుదించాలి? ఒప్పుకోవాల్సిన మాట. అన్ని నాటుకోళ్లనూ లావెండర్ చేయమంటే అది వైవిధ్యం మీద దాడే. అడిగేది ఒక శాఖ. మిగతా మంద ఎప్పటిలా డేగా నెమలీ పూలగా ఉండాలి, ఉంటేనే ఈ శాఖకు కావలసిన కొత్త పెట్టలు దొరుకుతాయి.

రంగు మోజులో పడితే కోడి పాడవుతుందన్నది చరిత్ర చూసినవాళ్ల భయం. పాశ్చాత్య దేశాల అనుభవం దాన్ని బలపరుస్తుంది కూడా. నలుపు తెలుపు అడ్డచారల ప్లైమౌత్ రాక్‌లో ఆ చారల జన్యువు జడ్ మీదే ఉంటుంది. పుంజుకు రెండు ప్రతులు, పెట్టకు ఒకటి కాబట్టి పుంజు సహజంగానే లేత రంగులో ఉంటుంది. ప్రదర్శనల్లో మాత్రం రెండూ ఒకే ఛాయలో ఉండాలన్నారు. ఆ కోరిక తీర్చడానికి పెంపకందారులు మంచి పుంజుల కోసం ఒక వంశం, మంచి పెట్టల కోసం ఇంకో వంశం విడివిడిగా పెంచారు. ఒకదాంట్లో పుట్టిన పెట్టలు, ఇంకోదాంట్లో పుట్టిన పుంజులు ప్రదర్శనకు పనికిరావు. ప్రకృతి ఇవ్వని పోలికను బహుమతి కోసం రుద్దడమంటే ఇదే. లావెండర్‌కూ మచ్చ లేకపోలేదు. కొన్ని జాతుల్లో ఆ రంగు కోళ్లకు తోక, రెక్కల ఈకలు పెళుసుగా, చివర్లు చిరిగినట్టుగా వస్తాయని పెంచేవాళ్లు ఫిర్యాదు చేస్తారు, నల్లకోళ్లతో మళ్లీ మళ్లీ కలపడం ద్వారా దాన్ని దారికి తెస్తారు. చెట్టెక్కి పడుకునే, వానలో తిరిగే నాటుకోడికి ఈక చెడిపోవడం అందం సమస్య కాదు, ప్రాణం సమస్య. అందుకని ఎంపికలో వరస ముందే రాసుకోవాలి: మొదట బతికి బట్టకట్టడం, తర్వాత ఈక గట్టిదనం, ఆ తర్వాత ఒడ్డూ పొడవూ, గుడ్లు, ఆఖర్న ఛాయ. రంగు ఎంత ముదురు, ఎంత లేత అన్న తగాదాను దగ్గరికి రానీయకూడదు. 1874లో తొలి ప్రమాణ గ్రంథం వేసిన అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ దగ్గర నేర్చుకోదగ్గ మంచి ఒకటుంది. కొత్త రంగును గుర్తించాలంటే ఐదుగురు పెంపకందారులు దాన్ని కనీసం ఐదేళ్లు పెంచి చూపాలంటుంది. ఒక్కడి దగ్గర ఒక్కసారి పుట్టిన అద్భుతానికి అక్కడ పేరు పెట్టరు.

పందెం సంగతి తీసుకురాకుండా తెలుగునాట కోడి గురించి మాట్లాడ్డం కుదరదు. కొత్త రంగు పుడితే బరిలోకే పోతుంది, దానికో కొత్త శాస్త్రం పుడుతుంది అంటారు. జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టమూ దాన్ని వదల్లేదు. చట్టాలున్నా సంక్రాంతికి ఏం జరుగుతుందో అందరికీ తెలుసు కాబట్టి ఈ భయాన్ని తోసిపుచ్చలేం. కానీ పందెం ఆర్థికం చూడండి. అక్కడ విలువ ఒక్క పుంజుది, గెలిచిన ఆ గంటది. వంశం రహస్యం, పెట్ట లెక్కలోకి రాదు, ఓడిన పుంజు కూరకు పోతుంది. రంగు రకానికి కావాల్సినవి దీనికి పూర్తిగా ఎదురు: నలుగురికీ తెరిచి చూపే వంశ పుస్తకం, పుంజుతో సమానంగా పెట్టకు విలువ, ఏళ్ల తరబడి బతికుండే మంద. పందెగాళ్లకు ఈ పద్ధతి ఓపికకు మించిన పని. పందెం లేకపోతే అసీల్ అంతరించిపోతుందన్న వాదన కూడా తరచూ వినిపిస్తుంది. పుంజు ఒంటి మీది కత్తిగాటు కాకుండా దాని జన్యువుకే విలువ కట్టే దారి ఇంకొకటి ఉంటే ఆ వాదనకు ఇంత బలం ఉండదు.

చివరి అభ్యంతరం కొత్త తరానిది. డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే సరిపోదా, ఈకలతో ఈ అవస్థ ఎందుకు? పరీక్ష ఉపయోగమే. లావెండర్ జన్యువు ఏదో తెలుసు కాబట్టి లోపల మోస్తున్న నల్లపెట్టను ప్రయోగశాలలో తేల్చొచ్చు, పరీక్ష జతలకు పట్టే నెలలు మిగులుతాయి. పెంపకం జరిగే చోట ఆ సాయం తీసుకోవాలి. కానీ వారపు సంతలో కోడి కాళ్లు పట్టుకుని బేరమాడే మనిషి చేతిలో ప్రయోగశాల ఉండదు, కన్ను ఉంటుంది. పెంచేవాడికి పరీక్ష, కొనేవాడికి రంగు. రెండూ ఒకే జన్యువును చూస్తున్నాయి.

ఇదంతా ఎవరు నడపాలి? అసీల్ మందలను పెంచుతూ, దాని నుంచే వనశ్రీని తీసిన అనుభవం రాజేంద్రనగర్ సంస్థకు ఉంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర, హైదరాబాద్‌లో పీవీ నరసింహారావు పేరిట ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. దేశీ జాతులను నమోదు చేసే జాతీయ సంస్థ కర్నాల్‌లో ఉంది, దాని చిట్టాలో అసీల్‌కు ఆంధ్రప్రదేశ్ సొంత ప్రాంతాల్లో ఒకటి. సంస్థలు పుస్తకం పెట్టి, పరీక్షలు చేసి, తగాదా తీర్చాలి. కోళ్లు మాత్రం ఊళ్లలోనే, ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లోనే పెరగాలి, ఇప్పుడూ పెరుగుతున్నది అక్కడే. ప్రభుత్వ ఫారంలో గింజలు తిని పెరిగిన మందను ఊరికి తెచ్చాక అది గద్దకూ వానకూ ఎన్నాళ్లు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

ఖర్చు సంగతిలో నాటుకోడికి ఒక వెసులుబాటు ఉంది. 160 పిల్లల్లో లావెండర్‌గా తేలేవి సుమారు నలభై, మిగతా 120 నలుపు. పాశ్చాత్య దేశాల్లో కొత్త రంగు తీసేవాళ్లకు ఇలా మిగిలిపోయేవి పెద్ద బరువు. మన దగ్గర నల్ల నాటుకోడికి బజారులో ధర పలుకుతుంది, దాణా ఖర్చు తిరిగొస్తుంది. జాగ్రత్త పడాల్సిందీ ఇక్కడే. ఆ 120లో సుమారు ఎనభై కోళ్లు లావెండర్‌ను లోపల మోస్తుంటాయి. వాటిని పెంపకానికని ఊరూరా అమ్మితే ఆ జన్యువు బయటి మందల్లోకి పాకిపోతుంది. ఆపైన కంచె దాటి వచ్చిన పుంజు కూడా దాన్ని మోస్తుండొచ్చు, సంకర పిల్లల్లోనూ లావెండర్ పుట్టొచ్చు, రంగు చేసే కాపలా అక్కడితో సరి. కాబట్టి పుస్తకంలో మొదటి పేజీలోనే రాయాల్సిన నియమం: మిగిలిన నల్లకోళ్లను కూరకే అమ్మాలి. సంక్రాంతికి ముందు అమ్మితే ధర ఇంకా బాగుంటుంది, పందెం కోసం పుంజు తొడలు తడిమి చూసే బేరగాడికి తప్ప ఎవరికైనా ఇవ్వొచ్చు.